బయటి గడియ

లోపల వారపత్రికకి సీరియల్ రాసే మొగుడు, బయట కుట్టుమిషను ముందు పెళ్లాం, మధ్యలో మూసిన తలుపు. దానికి బయటివైపు గడియ ఆయనే ముచ్చటపడి పెట్టించుకున్నాడు. రోజూ ఒక పేజీ నింపి తలుపు కిందనుంచి తోస్తేనే విడుదల.

"దాహం వేస్తోంది."

"లోపల కూజా ఉందిగా."

"ఖాళీ అయింది."

"పొద్దున్నే నిండా పోశాను. ఏం చేశారు?"

"తాగాను. ఆలోచించేటప్పుడు తాగుతాను కదా."

"పేజీ తొయ్యండి, నీళ్లిస్తాను."

"పెన్ను కూడా సరిగ్గా సాగట్లేదు."

"నిన్ననే కొత్తది ఇచ్చాను."

"అదే మరి. కొత్త పెన్ను. చేతికి అలవాటు పడొద్దూ?"

"రాస్తూ ఉంటే పడుతుంది."

"నీకేం, ఎన్నైనా చెబుతావు. గరగరా మిషను తొక్కుకుంటూ కూర్చుంటావు. అసలు ఆ చప్పుడు వల్లే నాకు..."

"ఆపనా?"

"ఆపు."

"ఆపేశాను. రాయండి."

"ఇప్పుడు మరీ నిశ్శబ్దంగా ఉంది."

"ఆ పిల్ల ఇంకా మెట్ల మీదే ఉందా?"

"ఏ పిల్ల?"

"మీ కథానాయికండీ. ఇల్లు వదిలి పోతానని పెట్టె పట్టుకుని బయల్దేరింది. వారాల తరబడి మెట్ల మీదే నిలబెట్టారు. చొక్కా కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూడా కొలతల సంగతి వదిలేసి ఆ పిల్ల దిగిందా లేదా అని నన్ను పీక్కుతింటున్నారు."

"ఆమె అంతర్మథనంలో ఉంది."

"కాళ్లు నొప్పెట్టవూ?"

"నీకు సాహిత్యం అర్థం కాదు."

"కాదు లెండి. పెట్టెలో బట్టలు మాత్రం ముడతలు పడిపోయుంటాయి."

"గడియ తియ్యి."

"తియ్యకూడదన్నారు. తిట్టినా, ఏడ్చినా, ఇల్లంటుకుందన్నా తియ్యొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు."

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు."

"మరి రేడియోలో ఏమన్నారు? రచయితకి కావలసింది ప్రతిభ కాదు, బయటివైపు గడియ అన్నారు. అది విని ఎదురింటి లెక్కల మాస్టారు కూడా పెట్టించుకున్నాడు. వాళ్లావిడ గడియ పెట్టేసి పుట్టింటికి పోయింది. పాపం, కిటికీలోంచి దూకాడు."

"నేనన్నది నిజమే. గడియే రాయిస్తోంది నా చేత. అందులో నాదేం లేదు."

"అంటే?"

"నవ్వకు."

"నవ్వట్లేదు."

"కాగితం చూస్తే ఒక్క మాటా తోచట్లేదు. ఈ తలుపు తీసుంటే ఎప్పుడో పారిపోయేవాణ్ణి. బంధిస్తే తప్ప కూర్చోలేనివాడు రచయితేమిటే? మధ్యాహ్నం పత్రిక మనిషి వస్తాడుగా, సీరియల్ ఆపేస్తున్నానని చెప్పెయ్."

"ఈ వారానికా?"

"మొత్తానికే. ఇంకెప్పుడూ రాయను. హాయిగా నీ పక్కన కూర్చుని బొత్తాలు కుట్టుకుంటాను."

"మీరు కుట్టిన బొత్తాం ఇంతవరకూ ఒక్కటీ నిలవలేదు."

"వేళాకోళం కాదు. నాకు బాధగా ఉంది."

"గొంతు వింటే తెలుస్తోందండీ."

"తెలిస్తే గడియ తియ్యి."

"తియ్యలేను."

"ఇంకా ఆ ఒట్టేనా?"

"ఒట్టు కాదు. గడియ లేదు."

"లేదంటే?"

"పోయిన నెల తలుపుకి రంగు వేయించాం కదా. పెయింటరు ఊడదీసి పక్కన పెట్టాడు. మళ్లీ బిగించడం మర్చిపోయాడు."

"నాకు చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నాను. మీరేమో పొద్దున్నే లోపలికెళ్లి 'పెట్టేశావా' అని అరుస్తారు. నేను 'పెట్టేశాను' అంటాను."

"రోజూ టక్కుమని వినిపిస్తుందే?"

"కత్తెరతో తలుపు మీద కొడతాను."

"మరి బయటికొచ్చినప్పుడు నాకు కనపడదా?"

"తలుపు వంక ఎప్పుడు చూశారు గనక? బయటపడగానే తిన్నగా వంటింట్లోకి పరిగెడతారు."

"అబద్ధం చెబుతున్నావు."

"తోసి చూడండి."

"నిజంగానా?"

"తొయ్యండి."

"... తెరుచుకుంది."

"నెల్లాళ్లుగా అలాగే ఉంది. రండి మరి. పత్రికాయన రాగానే చెప్పేద్దాం."

"ఉండు."

"ఏమండీ? గుమ్మంలో అలా నిలబడిపోయారేం?"

"ఆ కత్తెర ఎక్కడుంది?"

"నా చేతిలోనే ఉంది."

"తలుపు దగ్గరగా వేసి, ఓసారి టక్కుమనిపించు. ఆ పిల్ల మెట్లు దిగుతోంది."