కాదనేవాడే కావాలన్న సూదక్క

మిత్రులారా, పెద్దలారా, సూదక్క చెల్లెలు గారూ, ముందు వరుసలో కూర్చున్న డ్రైవరన్నా, వదినా!

ఇంతమంది వస్తారని మేం అనుకోలేదు. కళ్ళద్దాల షాపు పైన ఉన్న సూదక్క గదిలో మేం పదిమందిమి కూర్చుంటే పదకొండోవాడు మెట్ల మీదే. అందుకే ఈ హాలు తీసుకున్నాం. ఇక్కడా కుర్చీలు చాల్లేదు. గోడకానుకుని నిలబడ్డవాళ్ళు నన్ను క్షమించాలి. ఈ మైకు గరగరలాడుతోంది, దానికీ క్షమించాలి. ఆవిడే ఉంటే ఈపాటికి లేచి, "ముందు దాన్ని బాగుచేయించు, తర్వాత నన్ను పొగుడు" అనేది. అనడానికి ఆవిడ లేదు. పోయినవారం ఉంది, ఈ వారం లేదు. నాకింకా మింగుడుపడలేదు. మీకు మాత్రం పడిందా?

ఆవిడతో పరిచయం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. కళ్ళు పరీక్షచేసి అద్దాలు అమర్చడం ఆవిడ వృత్తి. శాస్త్రీయ సంగీతం రికార్డులు వినడం, పదిమందికీ వినిపించడం, విన్నదాని మీద పోట్లాడటం ఆవిడ ప్రాణం. రికార్డు ప్లేయరు సూదిని ఇంకొకరి చేత ముట్టుకోనిచ్చేది కాదు కాబట్టి సూదక్క అన్నారని కొందరంటారు. కాదు, ఆవిడ నాలుకను చూసే ఆ పేరు పెట్టారని మా పళ్ళ డాక్టరు గారంటారు. నాలుకల సంగతి ఆయనకే ఎక్కువ తెలుసు గనుక నేను వాదించను.

ఆవిడ షాపు పక్కనే నా మందుల షాపు. ఒకరోజు సాయంత్రం పైనుంచి వీణ మోగుతోంది. కౌంటరు దగ్గర మనిషి ఏ మాత్ర అడుగుతున్నాడో నాకు వినబడటం లేదు. కోపంగా మెట్లెక్కాను. గదిలో నలుగురైదుగురు కూర్చుని వింటున్నారు. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి, కళ్ళు పరీక్షించే కుర్చీ చూపించి, "ఇది అయ్యేదాకా కూర్చో, అయ్యాక తిట్టు" అంది. కూర్చున్నాను. ఏ రాగమో తెలీదు, ఏ తాళమో తెలీదు. అయిపోయాక తిట్టడం మర్చిపోయి, బాగుందన్నాను. అంతే, పట్టుకుంది! "బాగుంది అంటే తలుపు మూసేసినట్టు. ఏం బాగుందో చెబితే లోపలికొచ్చినట్టు" అంది.

ఏం చెప్పను? తల గోక్కుని, మధ్యలో ఒకచోట ఎవరో వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసినట్టుంది అన్నాను. అందరూ నవ్వుతారనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. లేచి, సూది ఎత్తి, సరిగ్గా ఆ చోటే మళ్ళీ పెట్టింది. మళ్ళీ వింటే, నిజమే, ఎవరో వెనక్కి తిరిగారు! కింద నా షాపు ముందు జనం కేకలేస్తున్నారు. నేను మాత్రం కదల్లేదు. ఆనాటి నుంచీ ఆ గదికి నేను కూడా ఒక మనిషినయ్యాను.

మిత్రులారా, ఆ గదిలో ఏం జరిగేదో తెలుసా? ఒకే కీర్తన ఇద్దరు పాడిన రికార్డులుంటే ఒకదాని తర్వాత ఒకటి పెట్టేది. కంటికి అద్దం మార్చి మార్చి అడుగుతారే, అచ్చం అలాగే, "ఇదా? ఇందాకటిదా?" అని అడిగేది. దొంగచూపులు చూసి పక్కవాడి జవాబు చెబితే ఇట్టే పసిగట్టేది. "అరువు చెవులతో రాకండి" అనేది. మాట కటువే. ఆ కటుత్వానికి నొచ్చుకుని రావడం మానేసినవాళ్ళూ ఉన్నారు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

కానీ మానేసినవాళ్ళని ఆవిడ మానెయ్యలేదు. అది కూడా చెప్పుకోవాలి.

ఒక విద్వాంసుడి రికార్డులు రెండున్నాయి మా దగ్గర. ఒకే కీర్తన. ఒకటి నిండు యవ్వనంలో పాడింది. గొంతు పట్టుదారంలా సాగుతుంది. రెండోది చివరి రోజుల్లో పాడింది. ఊపిరి అందదు, చరణంలో గొంతు జీరపోతుంది. మా పళ్ళ డాక్టరు గారు మొదటిదాని పక్షం. ఆ రెండోది సంగీతం కాదు, జాలి అన్నారు. బస్సు నడిపే మా డ్రైవరన్న రెండోదాని పక్షం. "కుర్రతనంలో దేవుణ్ణి పిలిచాడు. ముసలితనంలో దేవుడితో మాట్లాడాడు" అన్నాడు. మాటా మాటా పెరిగింది. హారన్లు విని విని నీ చెవులు మొద్దుబారాయయ్యా అని డాక్టరు గారు నోరుజారారు. డ్రైవరన్న తల దించుకున్నాడు. డాక్టరు గారు లేచి వెళ్ళిపోయారు. తర్వాత రావడమే మానేశారు. ఈ సంగతి చెప్పడానికి ఆయన అనుమతి తీసుకున్నాను. తల వంచుకోకండి డాక్టరు గారూ, ముందుంది అసలు కథ.

పీడా విరగడైందని మేం లోలోపల సంబరపడ్డాం. సూదక్క సంబరపడలేదు. ఏం చేసిందో తెలుసా? అందరిలాగే పేరు రాయించుకుని ఆయన క్లినిక్కుకి వెళ్ళింది. కుర్చీలో పడుకుని నోరు తెరిచింది. ఆవిడ నోరు తెరిచి మాట్లాడకుండా ఉన్నది ఆ ఒక్కరోజే! డాక్టరు గారు అద్దం పెట్టి, దీపం పెట్టి, వెతికి వెతికి, ఏ పన్ను నొప్పో తేల్చుకోలేకపోయారు. ఆయన చేతులు పక్కకి తియ్యగానే ఆవిడ అంది: "నా పళ్ళకేం కాలేదు. మన గదికే ఒక పన్ను ఊడింది. నాలుక మాటిమాటికీ ఆ సందులోకే పోతోంది. నువ్వొచ్చి డ్రైవరుకి క్షమాపణ చెప్పు. చెప్పాక, ఆ రికార్డు బాగాలేదని మళ్ళీ చెప్పు. రెండూ చెయ్యాలి."

ఆయన వచ్చారు. రెండూ చేశారు.

ఎందుకమ్మా ఆయనంటే నీకంత పట్టు, నువ్వూ ఆ రెండో రికార్డు పక్షమేగా అని తర్వాత అడిగాను. "కాదనేవాడు ఎదురుగా లేకపోతే, నేనేం విన్నానో నాకే తెలీదు" అంది. ఆలోచించండి మిత్రులారా. మనల్ని మెచ్చుకునేవాళ్ళ కోసం మనం ఎంత దూరమైనా వెళ్తాం. మనల్ని కాదనేవాడి కోసం ఎవరు వెళ్తారు, బాగున్న పన్ను చూపించుకుని మరీ?

తర్వాత డ్రైవరన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. చూడటానికి వెళ్ళినవాళ్ళం ఏం చేశాం? మంచం పక్కన కూర్చున్నాం, నిట్టూర్చాం, తగ్గిపోతుందిలే అన్నాం, వచ్చేశాం. సూదక్క మాత్రం చిన్న ప్లేయరు చంకనపెట్టుకుని, షాపు సెలవున్న ప్రతిరోజూ ఆ ఇంటి మెట్లెక్కేది. కిటికీ పక్క మంచం మీద ఆయన. స్టూలు మీద ప్లేయరు. రికార్డు పెట్టేది. అయ్యాక, ఎప్పట్లాగే, ఎలా ఉందని అడిగేది. అడిగి, జవాబు వస్తుందన్నట్టే ఎదురుచూసేది. రాదు. ఇంకోటి పెట్టేది. మళ్ళీ అడిగేది.

చూడలేకపోయాను. జవాబు చెప్పలేని మనిషిని అడగడం క్రూరత్వం కాదా అక్కా అన్నాను. "అడగడం మానేస్తే, ఆయన జవాబు ఇంక మనకక్కర్లేదని తేల్చేసినట్టే కదయ్యా" అంది.

మాట నేర్పడానికి వచ్చే అమ్మాయి గ్లాసు బొమ్మ, చెంచా బొమ్మ చూపిస్తే డ్రైవరన్న మొహం గోడవైపు తిప్పుకునేవాడు. ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం సూదక్క ఆ ముసలి గొంతు రికార్డు పెట్టింది. నేనూ, పళ్ళ డాక్టరు గారూ అక్కడే ఉన్నాం. పాట అయిపోయింది. ఈసారి ఆవిడ అడగలేదు. గట్టిగా, ఇల్లంతా వినబడేలా అంది: "డాక్టరు చెప్పిందే నిజం. అరిగిపోయిన గొంతు. దీన్నింక మూలన పడేద్దాం."

నేను నిర్ఘాంతపోయాను. ఆ రికార్డంటే ఆవిడకి ప్రాణమని మాకందరికీ తెలుసు. డ్రైవరన్న మొహం ఎర్రబడింది. ఎడమచెయ్యి పరుపుని కొట్టింది. పెదవులు వంకరపోయాయి, వణికాయి, ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. అప్పుడొచ్చింది మాట. "కా... కాదు."

వదిన తడిచేతులతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నవ్వుతోందో, ఏడుస్తోందో ఆవిడకే తెలీదు. డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మరి సూదక్క? శభాష్ అనలేదు. భుజం తట్టలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని, "ఎందుకు కాదు?" అంది.

ఆ జవాబు రావడానికి చాలాకాలం పట్టింది. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ ఆ ప్రశ్నే అడిగింది. ఆఖరికి ఒకరోజు ఆయన ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెప్పాడు. "ఆయాసం... కూడా... పాటే." ఆ రోజు మాత్రం సూదక్క మొహం తిప్పుకుంది. అద్దాలు అమర్చే మనిషి, తన అద్దాలు మసకబారితే ఎలా తుడుచుకోవాలో తెలియనట్టు కూర్చుంది.

పళ్ళ డాక్టరు గారు ఈనాటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకండి సార్, మీకు పుణ్యముంటుంది. మీతో వాదించీ వాదించీ అన్నకి మాటలు కుదురుతున్నాయి.

ఆ తర్వాత సూదక్కకే జబ్బు చేసింది. అది ఆవిడకి ఎక్కువ గడువివ్వలేదు. ఆసుపత్రిలో చెల్లెలి గారి చెయ్యి పట్టుకుని చెప్పిందట, రికార్డుల్ని గాజు బీరువాలో పెట్టొద్దని. "తలా ఒకటి పట్టుకెళ్ళమను. ఇష్టమైంది కాదు, ఒప్పుకోలేనిది. ఇష్టమైందైతే ఇంట్లో తలుపేసుకుని వింటారు. ఒప్పుకోలేనిదైతే పట్టుకుని పదిమంది దగ్గరికొస్తారు." అవన్నీ ఆ బల్ల మీద పేర్చి ఉన్నాయి. వెళ్ళేటప్పుడు తీసుకోండి. పై గది తలుపు ఎప్పటిలాగే తెరిచి ఉంచుతానని చెల్లెలు గారు మాటిచ్చారు. పట్టుకుని అక్కడికి రండి.

ఇక నేను ముగిస్తాను. సూదక్క కోసం మనమందరం లేచి నిలబడి కాసేపు మౌనంగా ఉందాం. డ్రైవరన్న తనూ నిలబడతానన్నాడు. ఆయనకి లేవడానికి కొంచెం సమయం పడుతుంది. డాక్టరు గారూ, మీ భుజం ఇవ్వండి. వదినా, మీరు అటువైపు ఉండండి. తొందరేం లేదన్నా, నెమ్మదిగా లే. ఆయన నిలబడేదాకా ఆగుదాం. నిలబడ్డాకే మన మౌనం మొదలుపెడదాం.