ఆ ప్రకటనలు అచ్చిబాబు గారివి కావు

సభకు పెద్దగా కూర్చున్న వీరబ్రహ్మం మాస్టారికి, మా నర్సరీ యజమాని గణేష్‌బాబు గారికి, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నన్ను తులసక్కా అని పిలిచిన అంటు కట్టే షెడ్డు ఆడవాళ్ళకి, లోడింగ్ వాళ్ళకి, రెండో వరసలో కూర్చుని నా శాలువా ఎక్కడ జారిపోతుందోనని చూస్తున్న మా ఆయన జానకిరామ్ గారికి పేరుపేరునా నమస్కారం.

మాస్టారు ఇందాక నా గురించి చెబుతూ, రామతులసి గారి పద్దుల రాతలో ముప్ఫై ఏళ్ళలో ఒక్క తప్పు కూడా దొర్లలేదన్నారు. ఆ మాటకి నేను శాలువా సర్దుకుంటుంటే, ముందు వరసలో సువార్తమ్మ నవ్వుతోంది. నవ్వవే, నీ రిటైర్మెంటుకి వచ్చి నేనూ ముందు వరసలోనే కూర్చుంటాను. (నవ్వులు) తప్పు దొర్లిందండి మాస్టారూ. రాతలో కాదు, కంప్యూటర్ దగ్గర. రేపటి నుంచి ఆ కుర్చీలో కూర్చునే నాగదుర్గకి, లోడింగ్ చూసే అచ్చిబాబు గారికి అది చెప్పకుండా వెళ్ళిపోతే నాకు మనశ్శాంతి ఉండదు.

మన నర్సరీకి వెబ్‌సైట్ పెట్టించినప్పుడు గణేష్‌బాబు గారి సంబరం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. కడియంలో కూర్చుని నాగపూర్ వాళ్ళకి నిమ్మ మొక్క చూపిస్తున్నామని ఊరంతా చెప్పుకున్నారు. (నవ్వులు) సైటు తెరిచిన ప్రతివారికీ కింద ఒక పట్టీ వస్తుంది, మేము కుకీలు వాడుతున్నాం, ఒప్పుకుంటారా అని. మనం లారీ ఎక్కించే మొక్కకి చీటీ కడతాం కదా, కుకీ అలాంటిదే. సైటు మన బ్రౌజర్‌లో ఒక చిన్న చీటీ పెట్టి, మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని చదువుకుంటుంది. ఏ భాష ఎంచుకున్నాం, బుట్టలో ఏం వేశాం, ఇలాంటివి గుర్తుంచుకోవడానికి కొన్ని కావాలి. కొన్ని మాత్రం ప్రకటనల కంపెనీలవి, మనం వేరే సైటుకి వెళ్ళినా వెంటే వస్తాయి. ఒకసారి మన దగ్గర నిమ్మ అంటు చూసిన మనిషికి వారం రోజులపాటు ఏ పేజీ తెరిచినా మన నిమ్మే కనిపించేది. ఆ ఏర్పాటు దగ్గరుండి చేయించింది నేనే. 'అన్నీ ఒప్పుకుంటున్నాను' అన్న బటన్ పచ్చగా పెద్దదిగా, 'అక్కర్లేనివి వద్దు' అన్నది కనీకనపడకుండా పెట్టమన్నదీ నేనే.

రెండు నెలల క్రితం, అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, ఆఫీసు కంప్యూటర్‌లో ఒక సంగతి వెతికాను. నా ఒంట్లో ఒక గడ్డ చేతికి తగులుతోంది, నొప్పి లేదు. నొప్పి లేని గడ్డ అంటే ఏమిటి అని వెతికాను.

(రెండో వరసలో జానకిరామ్ గారు లేచారు)

ఏవండీ, లేవకండి, కూర్చోండి. పూర్తిగా చెప్పనివ్వండి.

ఆసుపత్రి వాళ్ళ పేజీ కూడా అదే పట్టీ చూపించింది. ఎవరైనా వస్తారేమోనన్న కంగారులో పచ్చ బటన్ నొక్కేశాను. మర్నాటి నుంచి ఆ కంప్యూటర్‌లో ఏది తెరిచినా క్యాన్సర్ పరీక్షల ప్రకటనలే. అది నా ఒక్కదాని కంప్యూటరా, కాదు కదండీ. మూడింటికి లారీ కాగితాలు తీసుకోవడానికి వచ్చి, కాసేపు వార్తలు చూసుకునే అచ్చిబాబు గారికీ అవే కనిపించాయి. మొదటిరోజు, "ఏంటండీ తులసమ్మ గారూ, ఈ మిషను నాకు ఆసుపత్రి చూపిస్తోంది?" అని నవ్వారు. మూడోరోజు నవ్వలేదు. "అందరికీ వస్తోందాండి, నాకేనా?" అని మెల్లిగా అడిగారు. నాకు తెలీదండి అన్నాను.

అంత అబద్ధం నా జన్మలో ఆడలేదు. నావేనని ఒక్క మాట అంటే ఆయన బతికిపోయేవారు. కానీ నావి అంటే ఎందుకు అని అడుగుతారు, ఎందుకో చెబితే అది నిజమైపోతుందని భయం. ఆయన చుట్టలు మానేశారు. అన్నం సరిగ్గా తినడం లేదని వాళ్ళావిడ సూర్యకళ నాతోనే చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటే, ఆవిడ చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పానే గాని నోరు విప్పలేదు. ఒక గురువారం ఎవరికీ చెప్పకుండా రాజమండ్రి వెళ్ళి, అన్ని పరీక్షలూ చేయించుకుని, ఏమీ లేదన్న కాగితం పట్టుకుని వచ్చి ఆఫీసంతా కాజాలు పంచారు. నాకూ ఒకటి పెట్టారు. అది చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఆ సాయంత్రమే కుకీలన్నీ తుడిచేశాను. అమ్మా నాగదుర్గా, రెండు నిమిషాల పని. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అని ఉంటుంది, అందులో కుకీలు, సైట్ల సమాచారం తీసేయమంటే పోతాయి. తీశాక పాస్‌వర్డులు మళ్ళీ కొట్టుకోవాలి, కొట్టుకో, బద్ధకించకు. బయటి కంపెనీల కుకీలు రాకుండా ఆపే మీట కూడా అక్కడే ఉంది. పట్టీ వచ్చినప్పుడు ఆ చిన్న బటన్ ఓపిగ్గా వెతుక్కో. సొంత సంగతులు పదిమంది వాడే మిషనులో వెతక్కు, తప్పనిసరైతే ప్రైవేట్ విండోలో వెతికి, పని అవగానే మూసెయ్యి. అప్పుడు కూడా ఎవరికీ ఏమీ తెలియదని అనుకోకు. గణేష్‌బాబు గారూ, మన సైటులో ఆ రెండు బటన్లూ ఒకే సైజులో పెట్టించండి, నా కోసం.

తుడిచాక ప్రకటనలు ఆగాయి. గడ్డ మాత్రం పెరుగుతోంది.

ఏవండీ, ఇంట్లో చెప్పలేకపోయాను. రిటైరయ్యాక ఇద్దరం కాశీ వెళ్దామని మీరు టికెట్ల మాట ఎత్తిన ప్రతిసారీ నోటిదాకా వచ్చింది. ఇక్కడైతే ఇంతమంది ఉన్నారు, మధ్యలో ఆపి లోపలికి పోలేను కదా అని తెగించాను. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి రాజమండ్రిలో పరీక్షకి నా పేరు రాయించాను.

అచ్చిబాబు గారూ, నా భయం మీ నెత్తిన పెట్టి నేను ఊరికే కూర్చున్నాను. క్షమించమని అడిగే మొహం లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ పరీక్ష గది బయట ఎంతసేపు కూర్చోబెడతారండి?

(సభలోంచి అచ్చిబాబు గారు: "గంటన్నరండి. నేనూ వస్తాను, కూర్చుందాం.")

గంటన్నరా. సరేనండి, రండి.

ఈ శాలువాకి, ఈ దండకి, ఇన్నేళ్ళ అన్నానికి మీ అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. ఆఖరున అనాల్సిన మాట ఒకటి ఉంది, ఇవాళ దాన్ని అనాలంటేనే భయం వేస్తోంది. అయినా అనాలి కదండీ. సెలవు.