రోజూ గ్రీనే

ముందు ఆ పూతరేకుల డబ్బా తీసి నీ బ్యాగులో పెట్టుకో నమ్రతా. వద్దంటే వినవేం? మామూలు రోజుల్లో తెస్తే నువ్వు చెప్పులు విప్పేలోపే తెరిచేస్తాను, నీకు తెలుసు. ఇవాళ వద్దు. రేపు పొద్దున స్కూల్లో మీటింగ్ పెట్టుకుని, ఇవాళ ఆదివారం మధ్యాహ్నం స్వీట్లు పట్టుకుని ఇంటికొస్తే దాన్ని ఏమంటారమ్మా?

సరే, కూర్చో. కోపంగా ఉంటే ఉండు, కూర్చునే కోప్పడు.

లేదు. మాట మార్చను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత "అక్కా, ఇంతసేపు కూర్చోబెట్టి ఇదా నువ్వు చెప్పేది" అనకు. మీ రుత్విక్ చేతి మీద నేను చూసినవి పంటిగాట్లు. వాడి పళ్ళవే. "చెల్లెలు కొరికిందంట, నేనే పొరపడ్డాను" అని రేపు కౌన్సెలర్ ముందు నన్ను చెప్పమంటున్నావు. మీ రియాకి ఎన్ని నెలలు, పద్నాలుగా? నోట్లో ఉన్నవి ఆరు పళ్ళు. ఆ ఆరు పళ్ళు అంత వెడల్పు గాటు పెడతాయా? నువ్వు చెప్తే నువ్వే నమ్ముతావా?

మనవాళ్ళమే కదా, స్కూలుకి రిపోర్ట్ రాసి కాగితం మీద పెట్టేముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే బాగుండేదా? చెయ్యలేదు. చేస్తే ఏమయ్యేదో నీకూ తెలుసు. టీ తాగి, బాధపడి, "ఎవరికీ చెప్పొద్దక్కా" అని నాతో ఒట్టు వేయించుకునేదానివి.

నిన్న ఎవరితోనో అన్నావట కదా, ఆవిడ టీచర్ కూడా కాదు, పక్కన ఉండే మనిషి అని. అవునమ్మా, పక్కన ఉండే మనిషినే. పన్నెండేళ్ళు డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చుని, గ్రీన్ కార్డ్ వచ్చాక తెచ్చుకున్న ఉద్యోగం ఇది. జాకెట్ల జిప్పులు పెడతాను, ముక్కులు తుడుస్తాను, లెక్క రానివాడి పక్కన కూర్చుంటాను. సెకండ్ గ్రేడ్‌లో ఇరవై రెండు మంది నన్ను మిస్ చాము అంటారు. చాముండేశ్వరి అనడం వాళ్ళ వల్ల కాదు పాపం. ఏడవబోయేముందు ఎవరి గడ్డం వణుకుతుందో, ఎవరి చెవులు ఎర్రబడతాయో నాకు తెలుసు. టీచర్ బోర్డు చూస్తుంది, నేను పిల్లల్ని చూస్తాను. అదే నా పని.

మీవాడి మొహం మాత్రం నాకు అందలేదు. ఏడు నెలలు అందలేదు.

క్లాసు గోడ మీద ఉన్న ఆ రంగుల చార్ట్ మార్కుల షీటని నీకెవరు చెప్పారు? నాలుగు రంగులు. బ్లూ అంటే దిగులుగా ఉంది, నిద్రొస్తోంది. గ్రీన్ అంటే కుదురుగా ఉన్నాను. ఎల్లో అంటే లోపల గడబిడగా ఉంది. రెడ్ అంటే కోపం వచ్చింది, ఇక నా వల్ల కాదు. పొద్దున రాగానే ఎవరి పేరున్న బట్టల క్లిప్పు వాళ్ళే తీసి, ఏ రంగైతే ఆ రంగు మీద పెట్టుకోవాలి. మధ్యలో మారితే మార్చుకోవచ్చు. జ్వరం ఎంతుందో చూసుకోమా, అలాంటిది. థర్మామీటర్‌కి పాసూ ఫెయిలూ ఉంటుందా?

"మావాడు ఈ వారం ఫుల్ గ్రీన్" అని వాట్సాప్ గ్రూపులో పెట్టింది ఎవరు మరి? దాని కింద పదిహేడు మంది చప్పట్లు. ఒకావిడైతే "మాది రెండు రోజులు ఎల్లో వచ్చిందండీ, ఇంప్రూవ్ చేయడానికి వర్క్‌షీట్లు ఏమైనా ఉన్నాయా" అని అడిగింది. మొదట నవ్వొచ్చింది నాకు. తర్వాత ఫోన్ పక్కన పడేశాను. తోటి పిల్లాడితో మంచిగా ఉండడానికి కూడా కోచింగ్ సెంటర్ పెట్టమంటారు మన ట్రాయ్ ఊళ్ళో, మొదటి రోజే సీట్లు నిండిపోతాయి.

టీచర్ యాప్‌లో క్లాస్ ఫోటోలు పెడితే నువ్వు పిల్లాడి మొహం చూడవు. వెనక గోడ మీద చార్ట్‌ని జూమ్ చేసి క్లిప్పు ఎక్కడుందో చూస్తావు. కాదనకు, వాడే చెప్పాడు. "మమ్మీ జూమ్స్ ఇన్" అన్నాడు.

ఉండు. నన్ను రెండు ఊపిర్లు పీల్చుకోనీ. నవ్వకు. రెండు చేతులూ ఇలా గ్లాసు పట్టుకున్నట్టు పెట్టి, వేడి వేడి చాక్లెట్ పాలు ఉన్నాయనుకుని, వాసన పీల్చి మెల్లగా ఊదాలి. ఇది ఏడేళ్ళ పిల్లలకి నేర్పిస్తాను. నాకు యాభై రెండు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కోపమొస్తే గిన్నె విసిరే మనిషిని, మా ఆయన్ని అడుగు. ఆ పిల్లల పక్కన నేల మీద కూర్చుని వాళ్ళతో పాటు నేర్చుకున్నాను. సిగ్గేం లేదు.

గురువారం ఏమైందో విను. నువ్వు కాగితం చదివావు, జరిగింది వినలేదు.

మీవాడు కొయ్య ముక్కలతో వంతెన కట్టాడు. గంటసేపు కట్టాడు. కింద నుంచి కార్లు వెళ్ళేలా, నాలుగు స్తంభాలతో, ఎంత ముద్దుగా ఉందో. లోగన్ పరిగెత్తుకుంటూ వచ్చి దాని మీద పడ్డాడు. ఆ, లోగనే. నీ లిస్టులోంచి తీసేశావే, పుట్టినరోజుకి పిలవొద్దని, రోజూ రెడ్‌లో ఉంటాడని, ఆ పిల్లాడే. కావాలని పడలేదు. వంతెన మొత్తం పోయింది.

ఏ పిల్లాడైనా అరుస్తాడు. నేనైతే కొడతాను. రుత్విక్ నవ్వాడు. "ఇట్స్ ఓకే" అన్నాడు. టీచర్ వెంటనే, చూశారా అందరూ, ఎంత కైండ్‌గా ఉన్నాడో అని మెచ్చుకుంది. ఆవిడ తప్పేం లేదు, చూసేవాళ్ళకి అలాగే ఉంది. వాడు మెల్లగా లేచి కోట్లు తగిలించే మూలకి వెళ్ళాడు, ఏదో తెచ్చుకోవడానికి వెళ్ళినట్టు. నేను వెనకే వెళ్ళాను. జాకెట్ల మధ్య దూరి, ఫుల్ హ్యాండ్స్ పైకి లాగి, మోచేతి కింద చర్మం నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాడు నమ్రతా. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చిన్న శబ్దం కూడా రానివ్వలేదు.

మొన్న అంత ఎండ కాస్తే పిల్లలందరూ హాఫ్ హ్యాండ్స్‌లో వచ్చారు, వాడొక్కడే ఫుల్ హ్యాండ్స్. నీకు అనిపించలేదా? స్నానం తనే చేస్తానంటున్నాడు, పెద్దవాడైపోయాడు అని మురిసిపోయావు కదా.

నేను పక్కన కూర్చున్నాను. పిలవలేదు, తాకలేదు. వాడే నన్ను చూసి చెయ్యి దాచేసుకున్నాడు. నొప్పి అనలేదు. "డోంట్ మూవ్ మై క్లిప్, ప్లీజ్" అన్నాడు. రక్తం చిమ్మబోతున్న చెయ్యి పెట్టుకుని వాడి భయం క్లిప్పు గురించి.

ఎందుకురా, మమ్మీ కొడుతుందా అని అడిగాను. అడగాలి కదా. లేదంట. తిడుతుందా? లేదంట. "ఎల్లో ఉంటే మమ్మీ మాట్లాడదు" అన్నాడు.

నాకు తెలుసమ్మా, నువ్వు చెయ్యెత్తే మనిషివి కాదు. గ్రీన్ వస్తే ముద్దు పెడతావు, రాకపోతే ఏమీ అనకుండా గిన్నెలు తోముకుంటావు. నీకది ఏమీ అనకపోవడం. వాడికి సాయంత్రమంతా ఇంట్లో అమ్మ లేనట్టు.

ఇంకొకటి విను, ఇది ఆ కాగితంలో లేదు. లోగన్ వంతెన పడగొట్టిన వెంటనే ఏం చేశాడో తెలుసా? క్లిప్పు తీసి తనే రెడ్ మీద పెట్టుకున్నాడు, తన మీద తనకే కోపమొచ్చి. వెళ్ళి గోడని రెండు చేతులతో తోశాడు. అదీ నేర్పిందే, కోపం వస్తే మనిషిని తొయ్యొద్దు, గోడని తొయ్యి, అది పడదు అని. సెప్టెంబర్‌లో ఈ పిల్లాడు కుర్చీలు విసిరేవాడు. గోడ తోసి, ఊపిరి పీల్చుకుని, రుత్విక్ ఏడి అని వెతుక్కుంటూ మా దగ్గరికొచ్చాడు. వాడి చెయ్యి చూశాడు. "యూ కెన్ యూజ్ మై వాల్" అన్నాడు.

మీవాడు వెళ్ళలేదు. తల అడ్డంగా ఊపాడు. గోడ దగ్గరికి వెళ్తే రెడ్ అని అందరికీ తెలుస్తుంది కదా.

ఇద్దరిలో ఎవరు నేర్చుకున్నారు నమ్రతా? నువ్వు చెప్పు. పార్టీకి పిలవొద్దన్న పిల్లాడా, మీ గ్రూపులో చప్పట్లు కొట్టించుకున్న పిల్లాడా?

ఎవరూ రారు. పోలీసులు రారు, పిల్లల్ని తీసుకుపోరు, మీ ఆయన హెచ్ వన్ వీసా రెన్యూవల్‌కీ దీనికీ సంబంధం లేదు. కౌన్సెలర్ మిమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడుతుంది. వాడితో వారానికి రెండుసార్లు కూర్చుంటుంది, బొమ్మలు గీయిస్తుంది. అంతే. తెలివైన పిల్లల్ని ఏరే ఆ గిఫ్టెడ్ టెస్ట్ వచ్చే నెలా? ఉండనీ. ఆ టెస్ట్‌లో నూటికి నూరు తెచ్చుకుని చెయ్యంతా కొరుక్కున్న పిల్లాణ్ణి ఏం చేసుకుంటావు?

రేపు నేను పొరపడ్డానంటే ఏమవుతుందో తెలుసా? ఆ కాగితం పక్కన పెట్టేస్తారు. వాడు ఇంకా బాగా దాచుకోవడం నేర్చుకుంటాడు. తెలివైనవాడు, త్వరగానే నేర్చుకుంటాడు. చెయ్యి వదిలేసి ఎవరికీ కనపడని చోట కొరుక్కుంటాడు, గిల్లుకుంటాడు. క్లిప్పు మాత్రం గ్రీన్ మీదే ఉంటుంది. అందుకే మార్చను. నాతో మాట్లాడ్డం మానేస్తావా, మానెయ్. గుళ్ళో నన్ను చూసి మొహం తిప్పుకుంటావా, తిప్పుకో.

ఏంటీ? గట్టిగా అను, వినపడలేదు.

ఎప్పటి నుంచీ అంటున్నావా.

వచ్చి గంటైంది. నా ఉద్యోగం, మీ వీసా, గిఫ్టెడ్ టెస్ట్ అన్నీ అయ్యాక ఇప్పుడడిగావు. సరే, అడిగావుగా. చెప్తాను.

నేను మొదటిసారి చూసింది గురువారం కాదు. మూడు వారాల కింద, స్కూల్లో స్ప్రింగ్ ఫోటోలు తీసిన రోజు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పంపావే, ఆ రోజు. లైన్లో నిలబెట్టి ఒక్కొక్కరి కాలర్లు సరిచేస్తున్నాను. వాడి చొక్కా చెయ్యి పైకి జరిగి ఉంది. రెండు గాట్లు. ఒకటి అప్పటికే పాతబడి పసుపు రంగుకి తిరిగింది. చూశాను. చూసి అర్థం చేసుకున్నాను కూడా, అర్థం కాలేదని అబద్ధమాడను.

చూసిన రోజే రాసివ్వాలి. అది రూలు, దానికి ఒప్పుకుని సంతకం పెట్టే ఉద్యోగంలో చేరాను. రాయలేదు. మనవాళ్ళ పిల్లాడు, నమ్రత కొడుకు, నలుగురిలో పరువు, వీసా, రేపు గుళ్ళో నా మొహం ఎలా చూస్తుంది... ఇందాకటి నుంచి నువ్వు చెప్పినవన్నీ ఆ రోజు నాకు నేనే చెప్పుకున్నాను. అక్కడ ఏ నమ్రతా వచ్చి నన్ను బతిమాలలేదు. నేనే ఆ చొక్కా చెయ్యి కిందికి లాగి, మణికట్టు దగ్గర గుండీ పెట్టి, గుడ్ బాయ్ అన్నాను.

వాడు నాకు థాంక్యూ చెప్పాడు.

ఆ తర్వాత మూడు వారాల్లో ఎన్నిసార్లు కొరుక్కున్నాడో నీకూ తెలీదు, నాకూ తెలీదు. అందులో నీ వాటా ఎంతో నువ్వు చూసుకో. నా వాటా నేను రేపు వాళ్ళ ముందు నా నోటితోనే చెప్తాను. ఉద్యోగంలో ఉంచితే ఉంచుతారు, పీకేస్తే పీకేస్తారు. తొమ్మిదింటికి మీటింగ్, నువ్వు వచ్చినా రాకపోయినా నేను వెళ్తున్నాను.