అక్క పేరుతో నలభై ఒక్కసార్లు

నిన్ను రిటైర్ చేసేశారే అక్కా! విన్నావా? అరవై అయిదు నిండాయట నీకు. ఇక నీ రక్తం వద్దట. ముప్పై ఆరేళ్ళ కిందట పోయిన మనిషికి ఇవాళ వయసు అడ్డమొచ్చింది! ఈ చోద్యం ఎక్కడైనా ఉందా?

ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు కౌంటర్లో ఒక పిల్ల కూర్చుంది. నిన్నో మొన్నో పాలపళ్ళు ఊడినట్టుంది. నీ కార్డు అటు తిప్పి, ఇటు తిప్పి, 'ఇన్నేళ్ళు రక్తం ఇచ్చారు, చాలా థాంక్స్ అమ్మమ్మా' అంది. అమ్మమ్మట! నాకు యాభై ఎనిమిదే. తల ముగ్గుబుట్టయితే మాత్రం అమ్మమ్మనేనా?

ఒళ్ళు మండి నోరు జారాను. 'ఆ వయసు నాది కాదే అమ్మాయ్, మా అక్కది!' అనేశాను.

'మరి ఆవిడేరీ?' అంది.

'పోయింది.'

'ఎప్పుడు?'

'నువ్వు పుట్టకముందు.'

దాని మొహంలో నెత్తురు చుక్క లేదే అక్కా! దానికే నాలుగు సీసాలు ఎక్కించాలేమో అనుకున్నాను.

పెద్ద డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. పోలీసులొస్తారు, తుపాకులొస్తాయి అనుకున్నాను. ఏమీ లేదు. ఆవిడ కార్డులో లెక్క చూసింది. రెండొందలసార్లు ఇచ్చానని నీ దగ్గర గొప్పలు చెప్పుకుంటానా? నలభై ఒకటేనట. పోనీలే. 'తీసుకున్న ప్రతిసారీ పరీక్ష చేశాం కాబట్టి బతికిపోయారు. ఈ కార్డు మాత్రం చెల్లదు. ఇవ్వాలనుంటే మీ పేరుతో కొత్త కాగితం నింపండి. అందులో ఒక్క అబద్ధం ఉన్నా మళ్ళీ ఈ గుమ్మం తొక్కనివ్వను' అంది.

నా పేరుతో! విన్నావా?

నా పేరు ఈ బిల్డింగులో ఒక్కసారే రాశారు. నీకు తెలీదు. నువ్వప్పుడు పై అంతస్తులో ఉన్నావు, కడుపులో కణితి తీయించుకుని. రక్తం ఆగడం లేదన్నారు. మన గ్రూపు వాళ్ళ దగ్గర లేదన్నారు. 'చెల్లెలుందిగా, ఇద్దరిదీ ఒకటే' అన్నాడు బావ. నా భుజమ్మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు.

కిందికొచ్చి కూర్చున్నాను. ట్రేలో సూది పెట్టారు. అది గునపమంత ఉంది అక్కా! సరే, గునపం కాదు. దబ్బనం. దబ్బనం కూడా కాదులే. ఉత్త సూది.

నా తొమ్మిదో ఏట నీ కుట్టుమిషను సూది నా వేల్లో దిగబడింది, గుర్తుందా? చక్రం వెనక్కి తిప్పి తీసింది నువ్వే. ఆ వేలు నోట్లో పెట్టుకుని, నెత్తురు పీల్చి ఉమ్మేసి, 'ఏం కాలేదే పిచ్చిదానా' అన్నావు. ఆ రోజు నుంచి సూదంటే చాలు, నాకు కాళ్ళ కింద నేల ఉండేది కాదు.

కాగితం నింపే ఆయన తలెత్తకుండానే అడిగాడు, 'ఈమధ్య కామెర్లేమైనా వచ్చాయా?' అని.

వచ్చాయన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! నా పేరు మీద ఎర్రసిరాతో అడ్డగీత గీశాడు. బయటికొచ్చి బావకీ అదే చెప్పాను. ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు నన్ను. పరిగెత్తాడు. ఎక్కడెక్కడ తిరిగాడో, మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుకుంటూ సీసా పట్టుకొచ్చాడు. మూడు గంటలు పట్టింది. అప్పటికే నీ మొహం మీదికి దుప్పటి లాగేశారు.

ముందొచ్చినా దక్కేదో లేదో, ఏమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో' ఉంది చూశావూ, అది నాతో పాటే ఇంటికొచ్చింది. ముప్పై ఆరేళ్ళుగా నాతోనే కాపురం చేస్తోంది. నేను తింటే ఎదురుగా కూర్చుంటుంది, పడుకుంటే పక్కన పడుకుంటుంది.

ఇంకా విను. నువ్వు పోయిన నాలుగో రోజు నుంచి బావ నాకు పథ్యం పెట్టాడే! ఉప్పు లేదు, నూనె లేదు, చప్పిడి తిండి. నలభై రోజులు. తను ఏడుస్తూనే నా కంటి రెప్ప కిందికి లాగి చూసేవాడు, పచ్చదనం తగ్గిందా అని. 'నువ్వైనా జాగ్రత్తగా ఉండు' అనేవాడు. లేని రోగానికి ఆ చప్పిడి మెతుకులన్నీ మింగాను.

ఆర్నెల్లకి మళ్ళీ ఇక్కడికొచ్చాను. నా పేరు చెబితే ఎర్రగీత బయటపడుతుంది. గీత చెరపాలంటే అబద్ధమని ఒప్పుకోవాలి. అది బావ చెవిన పడుతుంది. అందుకని నీ పేరు చెప్పాను. కౌంటర్లో కొత్త మనిషి. రాసేసుకున్నాడు.

హాల్లో నీ పేరు గట్టిగా పిలిచేవాళ్ళు. పిలిచిన ప్రతిసారీ ముందు వెనక్కి తిరిగి చూసేదాన్ని, నువ్వు లేచి వస్తావేమోనని. నువ్వు రాకపోతేనే నేను లేచేదాన్ని. నవ్వకు. నలభై ఒక్కసార్లూ చూశాను.

సరే, ఇవాళ్టి సంగతి. కాగితం తీసుకున్నాను. నా వయసువాళ్ళు మొదటిసారి ఇస్తుంటే ఇంటికి తీసుకెళ్ళే మనిషి తోడుండాలట, ఫోన్ నంబరు ఇమ్మన్నారు. నాకెవరున్నారు? బావదే ఇచ్చాను. ఆయన వచ్చేలోపు నింపి ఇచ్చేద్దామనుకున్నాను. 'ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా?' దగ్గరికొచ్చేసరికి పెన్ను కదలదే! ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఒక యుగం కూర్చున్నాను. చివరికి 'లేదు' అని రాశాను.

తలెత్తితే పక్కన బావ. కర్ర పట్టుకుని, ఆయాసపడుతూ. 'ఈ వయసులో నీకిదేం సరదా?' అంటూ కాగితం లాక్కుని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. చదివి చదివి అక్కడ వేలు ఆపాడు.

'తప్పు రాశావే, మర్చిపోయావా? నీకొచ్చాయిగా' అన్నాడు. దిద్దడానికి జేబులోంచి పెన్ను కూడా తీశాడు.

'రాలేదు బావా' అన్నాను.

'అప్పుడూ...?'

'అప్పుడూ రాలేదు.'

ఈసారీ ఒక్క మాట అనలేదే అక్కా. కాగితం నా ఒళ్ళో పెట్టేశాడు.

అంతలో పిలిచారు. నా పేరే. అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి చూశాను. నువ్వు లేవు. లేచి లోపలికొచ్చి మంచమ్మీద పడుకున్నాను.

గాజు తలుపు అవతల బావ ఇంకా నుంచునే ఉన్నాడు. వెళ్ళిపోలేదు, కూర్చోనూ లేదు. పెన్ను చేతిలోనే ఉంది, మూత పెట్టలేదు.

భయమేస్తోందే. నీ పేరుతో పడుకున్నప్పుడు ఎన్నడూ వేయలేదు. ఇదిగో, సూది తెస్తున్నారు.

గునపమంత ఉందే అక్కా. ఒట్టు, ఈసారి ఎక్కువ చేసి చెప్పడం లేదు.