రుక్మక్క బాయిలర్

ఏంది అఖిలా, గీజర్ కాలిపోయిందని గా రాగి బాయిలర్ దించినవా? మంచిగ చేసినవ్ బిడ్డా, పసిగుడ్డుకు తానం ఆపొద్దు. ఆగాగు, గా బకెట్ అప్పుడే పొయ్యకు, చెప్పేది విను. గిది మనది కాదు, పక్కింటి రుక్మాబాయిది. మాకు రుక్మక్క. బర్లు వెట్టుకొని పాలమ్మేది. అప్పట్ల కిషన్‌బాగ్ల మన గల్లీ మొత్తానికి గిదొక్కటే బాయిలర్. ఏ ఇంట్ల పురుడైనా బిడ్డను కాళ్ల మీద పండవెట్టుకొని నీళ్లు వోసేది ఆమెనే. గొంతు ఎట్లుంటుండె అనుకున్నవ్, యాకుత్‌పురా స్టేషన్ల బండి కూడ ఆగుతదని మా బాపు నవ్వేటోడు. ఆమె రూలు ఒక్కటే. "బకెట్ తీస్కపోతే బకెట్ పొయ్యాలె. ఖాలీ వెట్టిండ్రో, ఖబర్దార్."

మీ అమ్మ పుట్టిన మూడో దినం. చలికి పండ్లు కొట్టుకుంటున్నయి. మీ అమ్మమ్మ తానానికని నేను బాయిలర్ల నీళ్లన్ని ఒంపుకపోయిన. అప్పుడు యాదికొచ్చింది రూలు. ఉరికొచ్చి నల్లా కాడి చన్నీళ్లు బకెట్ నిండ తెచ్చి కుమ్మరించిన. లోపలేమో ఖాలీ, నడిమి గొట్టంల బొగ్గులు కణకణ మండుతున్నయి. టప్పుమన్నది. గొట్టం అతుకు ఇచ్చుకపోయి నీళ్లన్ని బొగ్గుల మీదికే. ఇల్లంత పొగ, బూడిద. బిడ్డకింకా నీళ్లు వొయ్యనే లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

రుక్మక్క కొంగు నడుముకు దోపింది. "లొల్లి చెయ్యకు కొండల్. పొయ్యి మీద గంజుల నీళ్లు పెట్టు. బిడ్డ తానం ఆగది" అన్నది. ఆగలే. తర్వాత బాయిలర్ నెత్తిన పెట్టుకొని, పగిలిన గిన్నెలకు మాటు పెట్టే గుండయ్య తాన్కి నడిచింది. నన్ను మోయనియ్యలే. గుండయ్య అతుకు వేసుకుంటనే, "రాగి మంచిదేనమ్మా. కాగినదాని మీద చన్నీళ్లు పడితే ఏ అతుకు ఆగుతది? సగం వేడివి కలిపి పొయ్యాలె, ఖాలీ కాకముందే పొయ్యాలె" అన్నడు. ఆమె నా దిక్కు తిరిగింది. "తప్పు నీది కాదురా. నేను రూలు సగమే చెప్పిన."

ఇగ రుక్మక్క సచ్చేదాక ఎవరు బకెట్ తెచ్చినా ముందుగాల మోచెయ్యి ముంచి, సల్లగున్నయా అని చూసుడే. సూపు పోయినంక కూడ గంతే. "ఠండా హై. వాపస్ తీస్కపో." ఎంత పెద్దోళ్లయినా వాపసే. పోయే ముందు దీన్ని నాకిచ్చింది. పగులగొట్టినోనికి ఇస్తున్నవేందక్కా అన్న. "నువ్వైతే మర్వవు" అన్నది. మర్వలే బిడ్డా. పగులగొట్టి యాభై ఏండ్లాయె.

ఊఁ... ఏది, గా బకెట్ ఇటు జరుపు. నా అంగీ చెయ్యి జర పైకి మడువు.

ఠండా ఉన్నయి. వాపస్ తీస్కపో.