ఇరవై రెండు గాలి పుస్తకాలు

ప్రభుత్వ వాతావరణ పరిశోధనకు సలహాలిచ్చే స్వతంత్ర నిపుణుల ఎంపిక రాబర్ట్‌సన్‌పేటలో జరుగుతోంది. మూతపడిన బంగారు గనిలో పనిచేసిన ఒక ముసలాయన అధికారిణి ముందు నోటు పుస్తకాల మూట విప్పాడు.

"ఇవన్నీ మీరే రాసినారా?"

"అవును మేడమ్. గని మూసినప్పట్నుంచీ ఏటికొక పుస్తకం. ఎండ, వాన, బంగారం తీసినాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బ మింద నుంచి గాలి ఎటు కొట్టిందీ, తెల్లగుడ్డ తడిపి ఆరేస్తే ఎంత దుమ్ము అంటిందీ, దినామూ రాస్తా ఉండాను."

"మా సైంటిస్టుల దగ్గర కూడా ఇంత వివరం లేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ దుమ్ముతో జబ్బు చేసిందా?"

"చేసింది మేడమ్. నా పెండ్లాము క్లారా ఊపిరాడక పోయింది. కూతురు ఏంజెలిన్ కూడా అట్లే పోయింది. ఆ రెండు దినాలు గాలి ఎట్లుండిందో కూడా రాసినాను. డాక్టరు చీటీలూ తెచ్చినాను. ఈ దుమ్ము సంగతి నాకంటే ఇంగెవరికి తెలుస్తాది?"

"అయితే మిమ్మల్ని తీసుకోలేమప్పా. స్వతంత్ర నిపుణుడికి ఇందులో సొంత నష్టం ఉండకూడదు."

"మరి ఎవుర్ని తీసుకుంటారు?"

"ఢిల్లీ నుంచి ఒకాయన వస్తారు. ఆయన ఈ ఊరు ఎప్పుడూ చూడలేదు."

"సరే మేడమ్. ఇంగ నేను పోయొస్తా."

"పుస్తకాలు ఇక్కడే పెట్టండి, ఆయనకు కావాలి. ఆ రెండు దినాల పేజీలు మాత్రం చింపుకొని పోండి."