బానెట్ మాత్రం కొయ్యొద్దు

రోడ్డు చివర రేకుల షెడ్డు. నడిమధ్యన బానెట్ ఎత్తిన పాత కారు. దానికి అటు పక్క షెడ్డు యజమాని బావ, ఇటు పక్క ఆ కారు మీద చిన్నప్పటినుంచీ పగబట్టిన బావమరిది. పైనుంచి గొలుసు కప్పీ వేలాడుతోంది. కింద టార్పాలిన్ మీద కొత్త ఇంజను కొత్తల్లుడిలా దర్జాగా కూర్చుంది. షెడ్డు వెనకాలే ఇల్లు, వంటింటి కిటికీ తెరిస్తే ఇక్కడి మాటలన్నీ అక్కడికి వినిపిస్తాయి.

“కొలిచావా లేదా, బావా?”

“కొలిచానురా.”

“ఏమొచ్చింది?”

“నవ్వొచ్చింది.”

“బావా...”

“నిజంరా. ఇలా పెడితే పొడుగు ఎక్కువ, అలా పెడితే వెడల్పు ఎక్కువ. ఇంక మిగిలింది నిలువుగా పెట్టడమే. అప్పుడు నీకు రోడ్డు కనపడదు. నీకు అదో లెక్కా, నువ్వెప్పుడు రోడ్డు చూసి నడిపావు గనక!”

“ముందు రేకుగోడ కాస్త లోపలికి నొక్కితే సరిపోతుంది. వీడియోలో చూపించారు.”

“ఓహో, వీడియోలోనే చూపించారా! అయితే ఇంక నేనెందుకు? ఆ వీడియోనే బానెట్ కింద పెట్టి మూసెయ్. గోడ లోపలికి నొక్కితే నీ కాళ్లెక్కడ పెట్టుకోవాలో కూడా చూపించారా?”

“ముడుచుకుంటాను.”

“అంత స్పీడులో కాళ్లు ముడుచుకుని కూచుంటావా! తపస్సు చేసుకునేవాడికి కారెందుకురా, చెట్టు చాలదూ?”

“వేళాకోళం ఆపు. పాత ఇంజనుకి ఎన్ని గుర్రాల బలం?”

“నలభై చిల్లర.”

“కొత్తదానికి?”

“మూడొందల పైమాటే.”

“మరి?”

“మరేముంది? నలభై గుర్రాలకి చేసిన బండికి మూడొందల గుర్రాలు కడితే, గుర్రాలు ముందు వెళ్లిపోతాయి. బండి వెనకాల ముక్కలుముక్కలుగా తీరిగ్గా వస్తుంది. నువ్వు ఆ రెండింటికీ మధ్య ఎక్కడో పడుంటావు. మీ అక్క నా ప్రాణం తీస్తుంది.”

“బ్రేకులు కూడా కొత్తవి వేయిస్తాను.”

“వెయ్యి. బ్రేకులు మారిస్తే చక్రాలు మార్చాలి. చక్రాలు మారిస్తే ఇరుసు మార్చాలి. ఇరుసు మారిస్తే కింద చట్రానికి కొత్త పట్టీలు అతకాలి. గేరుబాక్సు పట్టాలంటే నేల కొయ్యాలి. అన్నీ అయ్యాక పాత కారులో పాతదనేది ఒక్కటే మిగులుతుంది. అద్దం మీద మీ నాన్న అంటించిన పిట్ట బొమ్మ.”

“అదీ గీకేస్తాను.”

“అబ్బో! ఒరే, నిజం చెప్పు. నీకు కారు బాగుచేసుకోవాలనుందా, పగ తీర్చుకోవాలనుందా?”

“రెండూ ఒకటే. ఇనప సామాన్లాయనకి చెప్పేశాను. కాసేపట్లో వచ్చి ఈ పాత ఇంజను పట్టుకుపోతాడు. కరిగించి గరిటెలు చేసుకోమన్నాను. వాటికైనా పనికొస్తుందేమో.”

“ఏవండీ, టీ మీరొచ్చి తీసుకెళ్తారా, నన్ను తెమ్మంటారా?”

“నువ్వే తీసుకురా. మీ తమ్ముడు ముసలమ్మకి పరుగుపందెం నేర్పుతున్నాడు, చూద్దువుగాని.”

“వస్తున్నా. ఇదిగో, ముందు తాగండి, తరవాత కొట్టుకుందురుగాని. ఒరే తమ్ముడూ, మొహాన ఆ మసేంటిరా?”

“పని చేస్తున్నానక్కా. మీ ఆయనలా కబుర్లు చెప్పట్లేదు. లోపల నాన్న ఏమన్నాడు?”

“ఏమంటాడు? ‘వాడి సరదా, తీర్చుకోనీ’ అన్నాడు.”

“అంతేనా?”

“అంతే. బానెట్ మాత్రం కొయ్యొద్దన్నాడు.”

“ఏంటీ?”

“ఇంజను తీసెయ్యండి, చక్రాలు మార్చుకోండి, ఏమైనా చేసుకోండి. బానెట్ మాత్రం కొయ్యొద్దని చెప్పమన్నాడు.”

“విన్నావా బావా! గుండెకాయ పీకేసుకోవచ్చుట, టోపీ మాత్రం ముట్టుకోకూడదుట. కొయ్యకపోతే మూతెలా పడుతుంది? కొత్త ఇంజను పైకి పొడుచుకొస్తుందిగా. గిన్నెంత చిల్లు పెట్టాల్సిందే.”

“పెట్టకుండా కుదరదు. అందుకే అసలు ఈ పనే వద్దంటున్నాను.”

“అందుకేనా? ఇప్పటిదాకా పొడుగన్నావు, వెడల్పన్నావు, ఇరుసన్నావు. ఇప్పుడు బానెట్టా? నీ షెడ్డుకి వచ్చినవాళ్లెవరికైనా వద్దని చెప్పావా ఎప్పుడైనా? మొన్నేగా ఎవరి ఆటోకో విమానం హారను బిగించావు!”

“అది వేరు.”

“ఏం వేరు? ఆటోవాడు నీ బావమరిది కాదు, అదేగా?”

“టీ చల్లారిపోతోంది.”

“మాట మార్చకు. అక్కా, నువ్వన్నా చెప్పు. ఈ ఇంజను మీద ఈయనకెందుకంత ప్రేమ?”

“నాకేం తెలుసురా ఇంజన్ల సంగతి. కప్పు ఇటివ్వు.”

“ఇద్దరూ ఇద్దరే. సరే, ఈ మహాతల్లి ఘనత మీకు గుర్తులేకపోతే నేను గుర్తుచేస్తాను. కొండ అవతల ఆసుపత్రి. ముందు సీట్లో నాన్న పక్కన నేను. వెనక నీ ఒళ్లో అమ్మ తల. అవునా?”

“అవునురా. ఇప్పుడవన్నీ ఎందుకు?”

“ఊళ్లో అందరి కార్లూ ఎక్కే కొండ. ఎడ్లబండి కూడా ఎక్కేది. ఈవిడ మాత్రం మూడో మలుపులో ‘నావల్ల కాదు నాయనా’ అని కూలబడింది. నాన్న బానెట్ ఎత్తుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ దించడు. ఇంతలో దేవుడిలా ఓ మెకానిక్ లారీలో దిగాడు. ఎవరయ్యా అంటే, తమరే!”

“ఇప్పుడు నా మీదకొచ్చావా?”

“రానా మరి? కొండకింద షెడ్డులో కొత్తగా పనికి కుదిరిన పనిమంతుడు. వచ్చాడు, తాళం తిప్పాడు. ఒక్కసారి గుర్రుమంది, మరుక్షణం చచ్చింది. పెదవి విరిచాడు. ‘పట్టేసింది, ఇంక కదలదు’ అన్నాడు. తాడు కట్టి లారీతో లాగించాడు. నత్తకి జ్వరమొచ్చినట్టు వెళ్లాం. ఆ పెద్ద డాక్టరు ఏమన్నాడో గుర్తుందా అక్కా? ‘ఇంకాస్త ముందు తీసుకురావాల్సిందయ్యా’ అన్నాడు. నేను నాన్న చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నాను.”

“అది అందరితోనూ అనే మాటేరా.”

“నా ముందే అన్నాడుగా. అసలు తమాషా అది కాదు. ఇంజను బాగుచెయ్యలేక చేతులెత్తేసిన ఆ మెకానిక్‌కే, నాలుగేళ్లు తిరక్కుండా పిల్లనిచ్చి పెళ్లి చేశాడు మా నాన్న. లోకంలో పని వచ్చినవాళ్లు కరువైనట్టు!”

“నా గుణం చూసి ఇచ్చాడురా.”

“అదే నేనూ అంటున్నాను. పని చూసి మాత్రం కాదని.”

“సరే, ఒప్పుకున్నాను. నేను చేతకానివాణ్ణి. ఇంజను దద్దమ్మది. ఇంక ఇంట్లోకెళ్లి భోంచేద్దామా?”

“పని అయ్యాకే. ఆదివారం నాన్నని ముందు సీట్లో కూచోబెట్టి అదే కొండెక్కిస్తాను. మూడో మలుపు దగ్గర కాలు నొక్కిపెడతాను. ఎగిరిపోవాలి. అప్పుడడుగుతాను, ‘ఎలా ఉంది నాన్నా, ఇలాంటి బండి ఉండాల్సింది కదూ’ అని.”

“ఒరే, వద్దురా. ఆ దారి ఆయనకి వద్దు.”

“ఎందుకక్కా? ఆయనేమీ అనడులే. ఎప్పుడన్నాడు గనక? బడి చదువు అవగొట్టిన రోజున మొహం మీదే అడిగాను. ‘డొక్కు కారు కొని అమ్మని చంపేశావు కదూ’ అన్నాను. తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. ఏమన్నాడో తెలుసా?”

“తెలుసు.”

“‘అవున్రా’ అన్నాడు. అంతే, ‘అవున్రా’! అని బయటికొచ్చి, గుడ్డ తడిపి, ఈ డొక్కునే తుడుచుకుంటూ కూచున్నాడు. ఇప్పటికీ వారం తిరిగేసరికి స్టార్ట్ చేసి, దాని కూత విని, మళ్లీ ఆపేస్తాడు. మనిషిని ముంచిన దానికి ఇంత సేవేంటక్కా? నాకు ఒళ్లు మండుతుంది. కప్పీ దించు బావా, కొక్కెం తగిలిస్తాను.”

“ఆగు, నేను తగిలిస్తాను.”

“నేను తగిలించలేనా?”

“ఇంజను పైమూత, ఈ హెడ్డు మీద బోల్టు ఒకటి విప్పి, కొక్కెం అక్కడ బిగించాలి. నీకు చేతకాదు. స్పానరు ఇలా తే.”

“బోల్టు విప్పడం కూడా రాదనుకున్నావా? ఎక్కడ, ఇదేనా? ఇంత జిడ్డేంటి... గుడ్డ ఇలా పడెయ్యక్కా. హా, ఇప్పుడు కనపడుతోంది. బావా.”

“ఊఁ.”

“ఈ బోల్టు మీద రంగుంది.”

“ఉంటుంది.”

“కంపెనీవాళ్లు వేసిన రంగు. బోల్టుకీ ఇంజనుకీ కలిపి ఒకే పూత. గోరంత కూడా ఎక్కడా పగల్లేదు.”

“పాత సరుకు కదరా, గట్టిగా వేసేవాళ్లు.”

“ఇంకోటి తుడుస్తానుండు. దీనిమీదా ఉంది. దీనిమీదా. బావా, వీటిమీద ఇంతవరకు స్పానరు పడలేదు.”

“పడే ఉంటుంది. కళ్లు సరిగ్గా పెట్టి చూడు.”

“నా కళ్లకేం, బాగానే ఉన్నాయి. పట్టేసిన ఇంజను బాగుచెయ్యాలంటే హెడ్డు విప్పాలా వద్దా?”

“విప్పాలి.”

“కొండ దిగాక నువ్వే బాగుచేశానన్నావుగా?”

“చేశాను.”

“ఏం మార్చావు?”

“అదే... ఏదో మార్చాను. ఎప్పటి సంగతి!”

“చిన్నప్పుడడిగితే పంపు అన్నావు. కాలేజీలో ఉండగా అడిగితే పిస్టన్ అన్నావు. ఇవాళ ‘ఏదో’ అంటున్నావు. ఇంకో పదేళ్లు పోతే హారను అంటావా? బోల్టు విప్పకుండా పిస్టన్ ఎలా మార్చావు బావా, మంత్రం వేశావా?”

“ఏమే, వీణ్ణి లోపలికి తీసుకెళ్లు.”

“లోపలికి ఎందుకు తీసుకెళ్లాలి? అక్కా, నువ్వెందుకలా చూస్తున్నావు? నేనేమన్నానిప్పుడు?”

“ఇంక చాలండీ. చెప్పెయ్యండి.”

“మామయ్యకి మాటిచ్చానే.”

“మీరిచ్చారు. నేనివ్వలేదు. వీడు ఆదివారం ఆయన్ని ఆ కొండెక్కిస్తాడుట, విన్నారా? అక్కడ ఆయన్ని కూచోబెట్టి ఆ మాట అడుగుతాడుట!”

“ఏంటక్కా? ఏం మాట ఇచ్చాడు?”

“ఒరే బావమరిదీ, స్పానరు కిందపెట్టు. ఎక్కి కూచో. తాళం తిప్పు.”

“ఇప్పుడెందుకు?”

“తిప్పరా అంటే! పోయేముందు దాని గొంతు ఒకసారి విందాం. నీకు నష్టమేముంది?”

“సరే, తిప్పుతున్నా. చచ్చినదాన్ని... ఓహో! లేచిందే. ఒక్క తిప్పుకే లేచింది.”

“ఆ రోజూ అంతేరా. ఒక్క తిప్పుకే లేచింది.”

“ఏ రోజు?”

“నువ్వు గుర్రుమని చచ్చిందంటున్నావే, ఆ రోజు. అది చావలేదురా. నేనే కట్టేశాను.”

“నువ్వు కట్టేశావా? అమ్మ వెనక సీట్లో అలా ఉంటే... ఎందుకు కట్టేశావు బావా? ఎందుకు?”

“మీ నాన్న కట్టెయ్యమన్నాడు.”

“నాన్నా?”

“నన్ను చూడరా ఇటు. బావని కాదు, నన్ను చూడు. అమ్మ తల నా ఒళ్లోనే ఉంది కదా. రెండో మలుపు దాటాక తెలిసింది నాకు. నా చెయ్యి పట్టుకుని ఉందల్లా, పట్టు వదిలేసింది. ఊపిరి లేదు. నేను అరవలేదురా. ఎందుకో అరవలేదు. నాన్న భుజం మీద తట్టాను. ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు, అమ్మని చూశాడు. కారు మెల్లిగా పక్కకి తీసి ఆపాడు.”

“అబద్ధం. నేను అక్కడే ఉన్నాను. నేను చూడకుండా ఎలా...”

“నువ్వు వెనక్కి తిరిగి మోకాళ్లమీద కూచుని, అమ్మకి కిటికీలోంచి లోయ చూపిస్తున్నావు. ‘అమ్మా, అదిగో లారీ, చీమంత ఉంది’ అంటున్నావు. ఆవిడ నిద్రపోతోందని నీకై నువ్వే గొంతు తగ్గించావు. నాన్న నీతో ‘ఇంజను పట్టేసిందిరా కన్నా, కదలకుండా కూచో’ అని దిగాడు.”

“అక్కా...”

“నేనొచ్చేసరికి మీ నాన్న కాలిపోతున్న ఇంజను మీద రెండు చేతులూ ఆనించి నిలబడున్నాడురా. వేడి కూడా తెలియట్లేదు మనిషికి. నేను తాళం తిప్పాను, ఇదిగో ఇలాగే లేచింది. పరిగెత్తుకొచ్చి నా చెవిలో ‘కట్టెయ్ బాబూ, పట్టేసిందని చెప్పు, లోపల పిల్లాడున్నాడు’ అన్నాడు. చెప్పాను. అప్పట్నించి చెబుతూనే ఉన్నాను.”

“మరి నేనంత మాటంటే... ‘అవున్రా’ అన్నాడే!”

“అనక ఏమంటాడు తమ్ముడూ? ‘నువ్వు కబుర్లు చెప్పింది చచ్చిపోయిన అమ్మకి’ అని చెప్పమంటావా? నువ్వు ఇంజనుని తిట్టుకుంటే చాలనుకున్నాడు. తనని తిట్టినా పర్లేదనుకున్నాడు.”

“ఇంజను ఆపేస్తాను బావా. నాన్న వింటాడు.”

“విననీరా. వారం వారం వినేదేగా.”

“మరి... అంతసేపు బానెట్ ఎత్తిపెట్టి ఏం చేశాడు? ఇంజను బాగానే ఉందిగా. ఏం చూశాడు లోపల?”

“చూడ్డానికి ఎత్తలేదురా. నువ్వు ముందు సీట్లో ఉన్నావు కదా. ఏడుస్తుంటే నీకు కనపడకూడదని ఎత్తాడు.”